నేల కింద వంటిల్లు: ఒంటరి కందిరీగల గూడు గురించి ఒక ప్రసంగం

(రికార్డింగ్ విని రాసిన పాఠం. రాలేకపోయినవాళ్ల కోసం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

కందిరీగ అనగానే మన బుర్రలో ఏం మెదులుతుంది? కొమ్మకో చూరుకో వేలాడే తుట్టె, దాని మీద ముసురుకున్న గుంపు. ఒకదాన్ని కదిపితే అన్నీ వెంటపడతాయి. కందిరీగల తుట్టెను కదిపినట్టు అని సామెత కూడా ఉంది కదా. అయితే ఇవాళ నేను మాట్లాడేది ఆ తుట్టె గురించి కాదు. తుట్టె పెట్టి గుంపుగా బతికే జాతులు కందిరీగల్లో తక్కువే. మిగతావన్నీ ఒంటరివి. వాటికి రాణి లేదు, కూలీలు లేరు, కాపలాదార్లు లేరు. ఒక్క ఆడ కందిరీగే నేల తవ్వుతుంది, వేటాడుతుంది, మోసుకొస్తుంది, గుడ్డు పెడుతుంది, తలుపు మూస్తుంది. అన్నీ తనే.

ఇందులో నేల తవ్వేవాటి గురించే ఇవాళ. స్ఫెక్స్, అమ్మోఫిలా, బెంబిక్స్, సెర్సెరిస్, ఫిలాంథస్, ఈ పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. గుర్తు పెట్టుకోనక్కర్లేదు, నేనే గుర్తు చేస్తాను. ఈ వంశంవాళ్లు మొత్తం మీద దాదాపు 10,000 జాతులు ఉంటాయి. అందరూ తవ్వరు లెండి. కొందరు మట్టి తెచ్చి గోడకు గూడు కడతారు, కొందరు బోలు పుల్లల్లో సర్దుకుంటారు. తవ్వేవాళ్లే ఎక్కువ.

మరి మగవాడు ఏం చేస్తాడు? ఆ నవ్వు దేనికో నాకు అర్థమైంది. దాదాపు ఏమీ చేయడు. పూల మీద తిరుగుతాడు, ఆడదాని కోసం కాపు కాస్తాడు, అంతే. వాడికి ముల్లు కూడా ఉండదు. ఎందుకంటే కందిరీగ ముల్లు అంటే గుడ్లు పెట్టే అవయవమే కాలక్రమంలో ఆయుధంగా మారింది. గుడ్లు పెట్టనివాడికి అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో సంగతి. పిల్ల ఆడా మగా అన్నది తల్లి చేతిలోనే ఉంటుంది. మగవాడి నుంచి వచ్చిన బీజాన్ని తల్లి ఒంట్లో దాచుకుంటుంది. గుడ్డు పెట్టేటప్పుడు అది కలిపితే ఆడపిల్ల, కలపకపోతే మగపిల్లాడు. ఆడపిల్లకి తిండి ఎక్కువ పెడుతుంది. అమెరికాలో సికాడాలను, అంటే చెట్ల మీద గట్టిగా రొద చేసే పురుగులను, వేటాడే పెద్ద కందిరీగ ఒకటుంది. అది మగపిల్లాడి గదిలో ఒక సికాడా పెడితే, ఆడపిల్ల గదిలో రెండు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పెడుతుంది. రేపు తవ్వాల్సింది, మోయాల్సింది ఆడపిల్లే కదా.

ఇప్పుడు అసలు చిక్కుకి వస్తాను. పెద్ద కందిరీగ తాగేది పూల మకరందం. దాని పిల్ల తినేది మాంసం. తల్లి శాకాహారి, పిల్ల మాంసాహారి. ఆ పిల్ల ఎక్కడుంటుంది? నేల లోపల, చీకటి గదిలో. కాళ్లు లేవు, కళ్లు లేవు. వేటకి పోలేదు. తల్లి చాలా జాతుల్లో గది మూసేసి వెళ్లిపోతుంది, మళ్లీ ఆ పిల్ల మొహం చూడదు. అంటే పిల్ల పుట్టకముందే దాని జీవితానికి సరిపడా మాంసం లోపల పెట్టేయాలి. అది రోజుల తరబడి చెడకూడదు. ఫ్రిజ్ లేకుండా మాంసం నిలవ పెట్టమంటే మీరైతే ఏం చేస్తారు? పురుగుని చంపి పెడితే కుళ్లిపోతుంది. బతికుండగా పెడితే పారిపోతుంది, లేదా గుడ్డునే నలిపేస్తుంది. నా మట్టుకు ఈ కందిరీగ చేసే ప్రతి పనీ ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుందనిపిస్తుంది.

19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో లియోన్ దుఫూర్ అనే ఆయన సెర్సెరిస్ గూళ్లు తవ్వి చూశాడు. లోపల రంగురంగుల పెంకు పురుగులు, అప్పుడే చచ్చినంత తాజాగా ఉన్నాయి. ఆయనేమనుకున్నాడంటే, కందిరీగ విషంలో కుళ్లకుండా కాపాడే మందేదో ఉందని. తెలివైన ఊహే. అదే దేశంలో జాన్ ఆన్రీ ఫాబ్ర్ అనే బడి పంతులు దాన్ని నమ్మేసి ఊరుకోలేదు. గూట్లోంచి తీసిన పురుగులకు కొద్దిగా కరెంటు తగిలించి చూశాడు. కాళ్లు కదిలాయి! అంటే అవి చావలేదు. పక్షవాతం వచ్చినట్టు పడున్నాయి, అంతే. బతికున్న మాంసం కుళ్లదు కదా. చిక్కు విడిపోయింది.

మనవాళ్లు భ్రమర కీటక న్యాయం అంటారు, విన్నారుగా? భ్రమరం ఒక పురుగుని తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుంటే, భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని ఆ పురుగే భ్రమరమైపోతుందని. చూసినవాళ్ల కళ్లలో తప్పేం లేదు. పురుగు లోపలికెళ్లింది నిజం, రెక్కలున్నది బయటికొచ్చింది నిజం. మధ్యలో ఉన్న గుడ్డు ఒక్కటే వాళ్లకి కనపడలేదు.

ఆ పక్షవాతం ఎలా వస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. పురుగుకి మనలాగా ఒక్క మెదడే అన్నీ నడపదు. పొట్ట వైపున నరాల ముడులు వరసగా ఉంటాయి. కీచురాయికి ఛాతీలో అలాంటివి మూడు, ఒక్కో ముడి ఒక్కో జత కాళ్లను నడుపుతుంది. కీచురాయిని వేటాడే స్ఫెక్స్ దాన్ని వెల్లకిలా పడేసి, ఆ ముడుల దగ్గరే ముల్లు దింపుతుంది. గొంగళిపురుగుకి కాళ్లు ఒళ్లంతా ఉంటాయి కాబట్టి అమ్మోఫిలా ఒక్కో కణుపు దగ్గరా పొడుస్తూ పోతుంది. ఫిలాంథస్ వేట తేనెటీగ. తేనెటీగకి ఒళ్లంతా గట్టి పెంకు, ముల్లు దిగేది ముందు కాళ్ల వెనక మెత్తని చోటొక్కటే. అక్కడే పొడుస్తుంది. దాని విషంలోని ఫిలాంథోటాక్సిన్ అనే పదార్థం నరం నుంచి కండకి వెళ్లే సంకేతాన్ని ఆపేస్తుంది. ఊపిరి ఉంటుంది, గుండె కొట్టుకుంటుంది, కాలు మాత్రం లేవదు. పాపం అనిపిస్తోందా? నాకూ అనిపిస్తుంది.

ఇక తవ్వడం. ముందు కాళ్ల మీద వరసగా గట్టి ముళ్లుంటాయి. బెంబిక్స్ ఇసుకలో ఉంటుంది. ముందు కాళ్లతో ఇసుకని పొట్ట కింద నుంచి వెనక్కి చిమ్ముతుంది. ఎంత వేగమంటే కాళ్లు కనపడవు, వెనక ఇసుక ధార ఒక్కటే కనపడుతుంది. అమ్మోఫిలాది వేరే పద్ధతి. అది మట్టి ముద్దని దవడలతో పట్టుకుని, కొంచెం దూరం ఎగిరి పారేసి వస్తుంది. గూటి పక్కన మట్టి కుప్ప పడితే శత్రువుకి గుర్తు దొరికినట్టే కదా. గట్టి నేల తగిలితే స్ఫెక్స్ జుయ్యిమని శబ్దం చేస్తుంది. ఎగిరే కండలనే ఆడించి, ఆ అదురుని దవడల గుండా మట్టిలోకి పంపి వదులు చేస్తుంది. మీరెప్పుడైనా ఎండలో ఇసుక నేల మీద కూర్చుంటే చెవి పెట్టండి, వినిపిస్తుంది.

అమ్మోఫిలా గూడు చిన్నది, వేళ్ల పొడవే, చివర ఒక్క గది. ఫిలాంథస్ సొరంగం మీటరు దాకా కూడా పోతుంది, పక్కలకి గదులుంటాయి. మూయడంలో మాత్రం అమ్మోఫిలాని మించినది లేదు. రాళ్లు వెతికి, కన్నానికి సరిపోయేది ఏరి, సరిపోకపోతే పారేసి ఇంకోటి తెస్తుంది. మట్టి నింపుతుంది. చివర్లో కొన్ని అమ్మోఫిలాలు చిన్న గులకరాయిని దవడల్లో పట్టుకుని మట్టి మీద దిమ్మిస కొట్టినట్టు కొడతాయి. అమెరికాలో జార్జ్, ఎలిజబెత్ పెక్‌హామ్ అనే దంపతులు 1898లోనే దీన్ని రాశారు. పురుగు పనిముట్టు వాడడం! ఆ రోజుల్లో ఇది ఎవరికి మింగుడుపడుతుంది చెప్పండి?

సరే, గూడు మూసి వేటకి వెళ్లింది. ఆ మూసిన చోటు మన కంటికి చుట్టుపక్కల నేలలాగే ఉంటుంది. మరి తిరిగొచ్చి ఎలా పోల్చుకుంటుంది? దీనికి జవాబు వెతికినాయన నికో టిన్‌బర్గెన్. నెదర్లాండ్స్‌లో, అప్పటికి ఇంకా కుర్రాడు. ఫిలాంథస్ లోపల ఉండగా గూటి చుట్టూ పైన్ కాయలు గుండ్రంగా పేర్చాడు. అది బయటికొచ్చింది, గూటి పైన కొన్ని సెకన్లు చక్కర్లు కొట్టింది, వెళ్లిపోయింది. ఆయన ఆ కాయల వలయాన్ని ఒక అడుగు పక్కకి జరిపాడు. అది తేనెటీగని మోసుకుంటూ వచ్చి ఎక్కడ దిగింది? వలయం మధ్యలో. గూడు అడుగు దూరంలోనే ఉంది, అయినా కనపడలేదు. కాయల్ని మళ్లీ యథాస్థానంలో పెడితే తిన్నగా గూట్లోకి పోయింది. అక్కడితో ఆగలేదు. కాయల్ని త్రికోణంగా పేర్చి, పక్కన రాళ్లని గుండ్రంగా పేర్చాడు. గుండ్రంగా ఉన్నదాని దగ్గరికే వెళ్లింది. అంటే వస్తువుని కాదు, అమరికని గుర్తు పెట్టుకుంటోంది. 1932లో ఇదంతా ఆయన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథమైంది. ఆ గ్రంథం ముప్ఫై పేజీల చిల్లరే! మనలో పరిశోధన చేసేవాళ్లు కాస్త అసూయ పడొచ్చు. 1973లో ఆయనకి, ఆయనలాగే జంతువుల నడవడి మీద పనిచేసిన లోరెంజ్‌కి, ఫాన్ ఫ్రిష్‌కి కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మీరొకటి గమనించాలి. ఆ చక్కర్లు కొట్టే కొన్ని సెకన్లే అది చూస్తుంది. మిగతా టైంలో చూసినదాన్ని నమ్ముకుని నడుస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

ముందు ఫిలాంథస్ గది గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు ఇది అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కుళ్లు సమస్య తీరిందన్నాం. కానీ నేల లోపల వెచ్చగా, తేమగా ఉంటుంది. బూజు? బూజు పట్టడానికి బతికున్నా ఒకటే, చచ్చినా ఒకటే. తేనెటీగ మీద రెండు మూడు రోజుల్లో తెల్లగా బూజు కమ్మేస్తే పిల్ల పస్తే. దీనికి ఫిలాంథస్ దగ్గర ఒకటి కాదు, మూడు రక్షణలున్నాయి.

మొదటిది, తల్లి తేనెటీగ ఒళ్లంతా నాకి నూనెలాంటి పూత పూస్తుంది. దాంతో తేమ చుక్కలుగా పేరుకోదు, బూజు మొలకెత్తడం ఆలస్యమవుతుంది. రెండోది, గుడ్డే చేసే పని. అవును, గుడ్డే. పెట్టిన ఒక రోజు లోపే ఆ గుడ్డు నైట్రిక్ ఆక్సైడ్ వాయువుని గదిలోకి వదులుతుంది. అది బూజుని చంపేస్తుంది. 2019లో వచ్చిన సంగతి ఇది. మన ఒంట్లో రక్తనాళాల్ని సడలించడానికి అణుమాత్రం పుట్టే వాయువే అది. ఇక్కడ గది నిండేంత వస్తుంది, అయినా గుడ్డుకి ఏమీ కాదు!

మూడోది తల్లి మీసాల్లో ఉంది. ఆ మీసాల కణుపుల్లో ప్రత్యేకమైన గ్రంథులు, వాటిలో స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా. స్ట్రెప్టోమైసిన్ మందు పేరు విన్నారుగా, ఆ కుటుంబమే. గది మూసే ముందు తల్లి మీసాల నుంచి తెల్లటి ముద్ద తీసి పైకప్పుకి రాస్తుంది. పిల్ల తిని పెరిగి పట్టుగూడు అల్లుకునేటప్పుడు ఆ బ్యాక్టీరియాని దారంలో కలుపుకుంటుంది. అవి అక్కడ తొమ్మిది రకాల యాంటీబయాటిక్ పదార్థాలు తయారుచేస్తాయి. ఒక మందుకి అలవాటుపడిన సూక్ష్మజీవి ఇంకోదానికి చస్తుంది. మన డాక్టర్లు క్షయకి నాలుగు మందులు కలిపి ఎందుకిస్తారో, ఇక్కడా లెక్క అదే. ఇంకా ఉంది. ఆ తెల్ల ముద్ద ఎటువైపుందో చూసుకుని పిల్ల తన పట్టుగూటిని తిప్పుకుంటుంది, ఎందుకంటే బయటికి తవ్వుకుని పోవాల్సిన వైపు అదే. ఆడపిల్ల బయటికొచ్చేటప్పుడు ఆ బ్యాక్టీరియా తన మీసాల్లోకి చేరి ఉంటుంది. పుట్టింటి సారె అనుకోండి.

పిల్ల విషయం కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. గుడ్డు పగిలాక వారం పది రోజుల్లో తిండి అంతా తినేస్తుంది. తిన్నంతకాలం విసర్జన ఉండదు. పేగు వెనక భాగం మూసుకునే ఉంటుంది. తిండి ఉన్న గదిలోనే ఉండాలి కాబట్టి ఆ ఏర్పాటు. తిండి అయిపోయాకే ఆ దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత పట్టుగూట్లో అనువైన కాలం దాకా నిద్ర. బెంబిక్స్ మాత్రం వేరు. అది తలుపు మూసి వెళ్లిపోయే తల్లి కాదు. పిల్ల పెరిగేకొద్దీ రోజూ ఈగలు తెచ్చి పెడుతుంది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మాట. ఇవన్నీ విన్నాక ఎవరైనా అడిగేది ఒకటే: ఈ పురుగుకి తెలివుందా, లేక కీ ఇచ్చిన బొమ్మా?

బొమ్మే అనేవాళ్లందరూ చెప్పే కథ ఫాబ్ర్‌దే. స్ఫెక్స్ కీచురాయిని మీసాలు పట్టుకుని ఈడ్చుకొస్తుంది. గూటి వాకిట్లో దింపుతుంది. ఒక్కతే లోపలికెళ్లి చూసుకుని వచ్చి, అప్పుడు లాక్కుపోతుంది. అది లోపలుండగా ఫాబ్ర్ కీచురాయిని కొంచెం పక్కకి జరిపాడు. అది వచ్చి, వెతికి, మళ్లీ వాకిట్లోకి తెచ్చి, మళ్లీ లోపలికెళ్లి చూసింది. మళ్లీ జరిపాడు. మళ్లీ అదే. నలభై సార్లు! పాపం కందిరీగకి బుద్ధి లేదంటారు. నలభై సార్లు జరిపినాయన బుద్ధి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

కథ ఇక్కడితో ఆపేస్తారు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఎందుకంటే ఫాబ్రే మిగతాది కూడా రాశాడు. ఇంకో చోటి గుంపులో ఇదే పని చేస్తే, రెండు మూడు సార్లు చూసి, ఆ కందిరీగ కీచురాయిని నేరుగా లోపలికి ఈడ్చుకుపోయింది. అదే జాతి! ఈ రెండో సగం చెప్తే కథకి మజా పోతుంది, అందుకే చెప్పరు.

అందుకని నేనంటాను, తెలివుందా లేదా అన్నది సరైన ప్రశ్న కాదు. అది ఎప్పుడు చూస్తుంది, దేన్ని చూస్తుంది? అదీ ప్రశ్న. బేరెండ్స్ అని టిన్‌బర్గెన్ దేశంవాడే ఒకాయన ఉన్నాడు. 1941లో అమ్మోఫిలా మీద పని చేశాడు. ఆ అమ్మోఫిలా ఒకేసారి రెండు మూడు గూళ్లు నడుపుతుంది, ఒక్కోదాంట్లో ఒక్కో వయసు పిల్ల. పొద్దున్నే ఖాళీ చేతులతో ప్రతి గూటికీ వెళ్లి తొంగి చూస్తుంది. పిల్ల చిన్నదైతే కొన్ని గొంగళిపురుగులు, పెద్దదైతే ఎక్కువ. బేరెండ్స్ ఆ పొద్దుటి తనిఖీకి ముందే గూట్లో తిండి మారిస్తే, అది లెక్క మార్చుకుంది. తనిఖీ అయ్యాక మారిస్తే? పట్టించుకోలేదు. పురుగు తెచ్చి పెట్టడానికి అదే గదిలోకి వెళ్తోంది, ఎదురుగా ఉన్నది మాత్రం లెక్కలోకి రావట్లేదు. పొద్దున ఏం చూసిందో అదే ఆ రోజుకి శాసనం. ఇందాకటి చక్కర్లు గుర్తొచ్చాయా? అదే పద్ధతి.

దీన్ని మొండితనం అంటారా? మరి 2024లో ఇంగ్లండ్ పరిశోధకులు ఆ జాతినే చూసి ఏం చెప్పారో వినండి. ఒక్కో తల్లి ఏకంగా తొమ్మిది గూళ్ల దాకా గుర్తుంచుకోగలదు. ముందు పెట్టిన గూటికి ముందు, తర్వాతదానికి తర్వాత, వరస తప్పకుండా తిండి చేరవేస్తుంది. మధ్యలో ఒక పిల్ల చస్తే వరస సర్దుకుంటుంది. మొదటి పురుగు పెద్దదైతే ఆ గూటికి రెండో విడత ఆలస్యం చేస్తుంది. చుట్టూ ఇతర తల్లుల గూళ్లు కిక్కిరిసి ఉన్నా, పొరపాటున పక్కింటికి పెట్టడం చాలా అరుదు. తొమ్మిది ఇళ్లకి టిఫిన్ అందించమంటే నేనైతే చీటీ రాసుకుంటాను.

దీనికి అటువైపు ఉన్నది కూడా చెప్పాలి. అమెరికాలోని బంగారు రంగు స్ఫెక్స్ కొన్నిసార్లు కొత్త గూడు తవ్వదు, ఖాళీగా కనపడినదాంట్లో దూరుతుంది. ఒక్కోసారి అది ఖాళీ కాదు. ఇద్దరు తల్లులు ఒకరికి తెలియకుండా ఒకరు అదే గూట్లో మిడతలు నింపుతుంటారు. ఎదురుపడిన రోజు యుద్ధమే. జేన్ బ్రాక్‌మన్, రిచర్డ్ డాకిన్స్ 1980లో లెక్క తీశారు. ఎవరు ఎంతసేపు పోరాడతారన్నది గూట్లో మొత్తం ఎన్ని మిడతలున్నాయన్నదాని మీద లేదు, తను స్వయంగా ఎన్ని తెచ్చిందన్నదాని మీద ఉంది. ఇంత పెట్టాం కదా, ఇప్పుడెలా వదులుకుంటాం అనే లెక్క! మనం చేయమా? గూట్లో ఉన్న మొత్తం లెక్కపెట్టడం దానికి చేతకాక, తను మోసినదే లెక్క పెట్టుకుంటోందని వాళ్ల వివరణ. మళ్లీ అదే కదా: దేన్ని చూస్తోంది?

దొంగల గురించి రెండు మాటలు చెప్పి ఆపేస్తాను. వేటతో వస్తున్న తల్లి వెనకే చిన్న బూడిద రంగు ఈగలు నీడలా వస్తాయి. గుడ్డు కాదు, ఏకంగా బతికున్న పిల్లల్నే ఆ వేట మీద వదిలేస్తాయి. మెరిసే పచ్చరంగు కందిరీగలు తలుపు తెరిచి ఉన్న క్షణం చూసి దూరి గుడ్డు పెట్టి వెళ్తాయి. అందుకే వేటతో వచ్చే తల్లి ఒక్కోసారి గాల్లోనే ఆగిపోతుంది, వంకరటింకరగా ఎగురుతుంది, గూటి దగ్గరికొచ్చి మళ్లీ వెనక్కి వెళ్లిపోతుంది. దారి మర్చిపోయిందనుకోకండి.

మీ ప్రశ్నల చీటీలు వచ్చాయి, రెండిటికి ఇక్కడే జవాబు చెప్తాను. మొదటిది, ఇవి మనల్ని కుడతాయా? చేత్తో నలిపితే ఆడది కుడుతుంది. లేకపోతే పట్టించుకోదు. కాపాడుకోవాల్సిన తుట్టె దానికి లేదు, ఆ ముల్లు ఉన్నది వేట కోసం. గూటి పక్కనే గంటలు గంటలు కూర్చుని చూడొచ్చు. చెప్పులు మాత్రం గూటి మీద పెట్టకండి.

రెండో చీటీ: "తేనెటీగల్ని చంపే ఫిలాంథస్‌ని మనం చంపొద్దా?" ఇది తేనెటీగలు పెంచేవారెవరో రాసి ఉంటారు. ఒక్కో గదికి అది తెచ్చేది ఒకటి నుంచి ఐదారు తేనెటీగలు. పట్టులో ఉండేది వేలల్లో. అదలా ఉంచండి, తేనెటీగలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? ఈ తవ్వే కందిరీగల వంశంలోంచే. పది కోట్ల ఏళ్లకి పైమాటే, ఒక శాఖ పిల్లలకి మాంసం మానేసి పుప్పొడి పెట్టడం మొదలుపెట్టింది. వంటకం మారింది, వంటిల్లు మారలేదు. ఇవాళ్టికీ తేనెటీగ జాతుల్లో ఎక్కువ శాతం పట్టు పెట్టవు, తేనె దాచవు. ఒక్క ఆడది, నేలలో ఒక సొరంగం, చివర ఒక గది, అందులో పుప్పొడి ముద్ద, దాని మీద ఒక గుడ్డు. మీరు వట్టి నేల మీద చిన్న కన్నం చూస్తే, అది కందిరీగదో తేనెటీగదో లోపలికి ఏం తీసుకెళ్తోందో చూసేదాకా చెప్పలేరు. మిగతా చీటీలు టీ తర్వాత చూద్దాం.